రైస్ మిల్లు నీళ్లు పంట కాలువలోకి వదులుతున్నారు, అడిగితే "పర్మిషన్ ఉంది" అంటున్నారు. చట్టం ప్రకారం ఏం చేయొచ్చు?

ఎడమకాలువ మీసేవ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది సాగర్ ఎడమ కాలువ కింద ఒక పల్లె. ఊరి పేరు, మిల్లు పేరు రాయట్లేదు. ఎందుకో మీకు తెలుసు. ఊళ్లో మీసేవ సెంటర్ నడుపుతాను, ఎకరంన్నర పొలం ఉంది. ఆ పొలానికి ఎగువన బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది.

మిల్లులో వడ్లు నానబెట్టిన నీళ్లు పైపు ద్వారా పంట కాలువలోకి వస్తున్నాయి. పసుపు రంగు, పైన నురగ, పులిసిపోయిన వాసన. బర్రెలు ఆ నీళ్లు ముట్టవు. కాలువ పక్క మొదటి మడిలో వరి ఎర్రబారింది. ఇక బాయిలర్ నుంచి ఊక బూడిద. సాయంత్రం డాబా మీద బట్టలు మర్చిపోతే పొద్దున మళ్లీ ఉతుక్కోవాల్సిందే. బండి మీద పోతుంటే కంట్లో పడుతుంది. మా నాన్నని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది.

పంచాయతీ కార్యదర్శిని అడిగితే మా చేతిలో లేదన్నారు. రెవెన్యూ వాళ్లు పొల్యూషన్ వాళ్లకి రాయమన్నారు. రాశాను. ఇద్దరు వచ్చి ఒక బాటిల్లో నీళ్లు పట్టుకెళ్లారు. ఆ తర్వాత ఏమైందో తెలీదు. మిల్లు ఆఫీసుకి పోతే గోడకి ఫ్రేమ్ కట్టించి పెట్టిన కాగితం చూపించి "పర్మిషన్ ఉంది, ఏమన్నా ఉంటే పైవాళ్లతో మాట్లాడుకో" అన్నారు.

అసలు ఇలాంటివాటికి ఏ చట్టాలున్నాయి? అమలు చేసేది ఎవరు? లాయరు లేకుండా అయ్యే పనేనా? ఇంకో మాట, మిల్లు మూతపడాలని నాకు లేదు. మా వడ్లు కూడా అక్కడికే పోతాయి. ఆ నీళ్లు, ఆ బూడిద ఆగితే చాలు.

---

బుల్లెట్ బండి నల్లగొండ

అన్నా, వీడియో తీసి ట్విట్టర్‌లో పెట్టు, కలెక్టర్‌ని ట్యాగ్ చెయ్. సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీ ఇయ్యి. లొల్లి అయితేనే పని అయితది. చట్టం గిట్టం అని కూసుంటే మిల్లు ఓనర్ మనవడు కూడా అదే పైపు నుంచి నీళ్లు ఇడుస్తడు.

---

రిటైర్డ్ శాంపిల్ మనిషి

ప్రజావాణి అర్జీ ఇవ్వండి, మంచిదే. రశీదు నంబరు వస్తుంది, తర్వాత పనికొస్తుంది. కానీ బుల్లెట్ తమ్ముడు చట్టాన్ని అంత తేలిగ్గా తీసేస్తే నేను ఒప్పుకోను. నేను పొల్యూషన్ బోర్డు ఫీల్డులో, ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. చట్టం గట్టిగానే ఉంది. అయితే "వాసన వస్తోంది సార్" అనే ఫిర్యాదు మీద అది కదలదు. ఫలానా షరతు, ఫలానా తేదీన తప్పారు అని చూపిస్తే కదులుతుంది. తీరిగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీకు కావాల్సినవి మూడు చట్టాలు. 1974లో వచ్చిన నీటి కాలుష్య చట్టం. 1981లో వచ్చిన గాలి కాలుష్య చట్టం. 1986లో వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం, ఇది 1984 డిసెంబరులో భోపాల్‌లో గ్యాస్ లీకయ్యాక వచ్చింది. మీ మిల్లు నీళ్లు మొదటిదాని కిందికి వస్తాయి, బూడిద రెండోదాని కిందికి. ఎంత వరకు వదలొచ్చు అనే లెక్కలు ఎక్కువగా మూడోదాని కింద ఇచ్చిన రూల్సులో ఉంటాయి. క్షేత్రంలో అమలు చేసేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి, మీరన్న "పొల్యూషన్ వాళ్లు". హెడ్డాఫీసు హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉంటుంది, మీ పని పడేది మీ జిల్లాని చూసే రీజనల్ ఆఫీసుతో.

ఇప్పుడు ఆ ఫ్రేమ్ కట్టిన కాగితం సంగతి. మీరు పట్టుకోవాల్సింది దాన్నే.

పరిశ్రమ కట్టడానికి ముందు ఒక అనుమతి, సీఎఫ్‌ఈ అంటాం. నడపడానికి ఇంకోటి, సీఎఫ్‌ఓ. నా సర్వీసులో రెండోదానికి గడువు ఉండేది, అయిపోతే రెన్యువల్ చేయించుకోవాల్సి వచ్చేది. సీఎఫ్‌ఓ మొదటి పేజీ మాత్రమే అందంగా ఉంటుంది, ఫ్రేమ్‌లో పెట్టేది కూడా అదే. వెనక పేజీల్లో షరతులుంటాయి. రోజుకి ఎన్ని టన్నులు ఆడించొచ్చు, ఎన్ని కిలోలీటర్ల నీళ్లు బయటికి రావొచ్చు, ఆ నీళ్లు శుద్ధి చేశాక ఎక్కడికి పోవాలి, బాయిలర్ పొగగొట్టం ఎత్తెంత, బూడిద పట్టడానికి ఏ పరికరం పెట్టాలి, బూడిదని ఎలా నిల్వ చేయాలి, ఎలా తరలించాలి. బాయిల్డ్ మిల్లుల అనుమతుల్లో నీళ్లు కాలువలోకి వదలొచ్చు అని రాసిన కాగితం నా సర్వీసులో నేను చూడలేదు. శుద్ధి చేసి సొంత స్థలంలో మొక్కలకి పారించుకోండి అనే ఉంటుంది. కాబట్టి "పర్మిషన్ ఉంది" అంటే "అయితే షరతులు చూపించండి" అనండి.

చూపించరు. అందుకే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీరు మీసేవ నడుపుతారు, మీకు దరఖాస్తు రాయడం నేను నేర్పక్కర్లేదు. రీజనల్ ఆఫీసు పీఐఓ, అంటే సమాచార అధికారి పేరుతో, 10 రూపాయల ఫీజుతో. 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: ఆ మిల్లు సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ పూర్తి కాపీలు, అన్ని పేజీలతో, బోర్డు వాళ్లు చేసిన తనిఖీల రిపోర్టులు, తీసిన శాంపిళ్ల ఫలితాలు, మీరు చూసిన ఆ బాటిల్‌తో సహా, ఇచ్చిన నోటీసులు. ఇంకోటి ఉంది, దీన్ని మాత్రం మర్చిపోకండి: శుద్ధి ప్లాంటు కరెంటు మీటరు రీడింగుల రిజిస్టరు.

ఈ ఆఖరిది ఎందుకో చెప్తాను. మన దగ్గర అనుమతుల్లో మామూలుగా ఒక షరతు ఉంటుంది. నీటి శుద్ధి ప్లాంటుకీ, బూడిద పట్టే పరికరానికీ విడిగా కరెంటు మీటర్లు పెట్టాలి, రోజూ రీడింగు రాయాలి అని. ప్లాంటు కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. మోటార్లు తిరిగితే బిల్లు వస్తుంది కాబట్టి తనిఖీ అప్పుడు ఆన్ చేసి తర్వాత ఆపేస్తారు. ఒక మిల్లులో రిజిస్టర్ తెరిచి చూశాను. రోజుకి సరిగ్గా అవే యూనిట్లు. ఆదివారం అవే, సంక్రాంతి నాడు అవే. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, మధ్యలో ఎక్కడా కొట్టివేత లేదు. మీటరు దగ్గరికి పోతే డబ్బా మూతకి సాలెగూడు. లోపల మీటరు చూపించే అంకె రిజిస్టర్‌లో ఆర్నెల్ల కింద రాసిన అంకె దగ్గరే ఆగి ఉంది. అక్కడ నేను నీళ్లు ముట్టుకోకుండానే సగం రిపోర్టు రాసేశాను.

ఇక ఆ బాటిల్ సంగతి. బోర్డు వాళ్లు తీసే శాంపిల్ రెండు రకాలు. పరిస్థితి తెలుసుకోవడానికి తీసేది ఒకటి, చట్టప్రకారం తీసేది ఒకటి. రెండోదానికి 1974 చట్టం 21వ సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. మిల్లు బాధ్యుడికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే నీళ్లని రెండు భాగాలు చేయాలి. రెండు డబ్బాలకీ గుర్తు వేసి, సీలు వేసి, తీసినవాళ్లూ మిల్లు మనిషీ సంతకాలు పెట్టాలి. ఒకటి బోర్డు ల్యాబ్‌కి పోతుంది. మిల్లు మనిషి కోరితే రెండోది ప్రభుత్వ ల్యాబ్‌కి పోతుంది. అతను కావాలని తప్పుకుంటే ఆ మాట రాసి పంపొచ్చు. ఇందులో ఒక మెట్టు దాటేస్తే, నీళ్లు ఎంత చెడ్డవైనా ఆ ఫలితం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. మిల్లు వైపు లాయరు మొదట వెతికేది కూడా ఆ లోపాన్నే. మీరు చూసినప్పుడు నోటీసు, సీలు, సంతకాలు ఉన్నాయా? ఒక బాటిల్లో పట్టుకెళ్లారు అంటున్నారంటే మొదటి రకమే అయి ఉంటుంది.

సీలు వేశాక కూడా కథ ఉంది. ఇలాంటి నీళ్లలో మేం ముఖ్యంగా చూసేది బీఓడీ. నీళ్లలో కుళ్లే పదార్థం ఎంత ఉంది, అది కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ తినేస్తుంది అనే లెక్క. కాలువల్లాంటి నీటి వనరుల్లోకి వదిలేదానికి సాధారణ పరిమితి లీటరుకి 30 మిల్లీగ్రాములు, పొలానికి పారించేదానికి 100. శుద్ధి చేయని నానబెట్టిన నీళ్లలో అది వందల్లో ఉంటుంది, ఒక్కోసారి వేలల్లోకి పోతుంది. ల్యాబ్‌లో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తాం. శాంపిల్ మాత్రం ఐసు పెట్టెలో, వీలైనంత త్వరగా ల్యాబ్‌కి చేరాలి. జీపు వెనక ఎండలో సాయంత్రం దాకా తిరిగిందనుకోండి, లోపలి సూక్ష్మజీవులు దారిలోనే తమ పని కానిచ్చేస్తాయి, ల్యాబ్‌కి వచ్చేసరికి అంకె తగ్గుతుంది. ఈసారి వాళ్లు వస్తే ఐసు పెట్టె తెచ్చారా అని మర్యాదగా అడగండి. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే చాలు, పని తీరు మారుతుంది.

టైము కూడా ముఖ్యం. తనిఖీ 11 గంటలకి, నీళ్లు వదిలేది చీకట్లో. మీ ఊళ్లో ఏ వేళలో వదులుతున్నారో నోట్‌బుక్‌లో రాసుకోండి. తేదీ, టైము, రంగు, పైపు చివర, కాలువ రెండూ కనిపించేలా వీడియో. పక్క రైతుల చేత సంతకం పెట్టించండి. ఆ నోట్‌బుక్ జిరాక్సు జతచేసి "ఈ వేళలో వచ్చి 21వ సెక్షన్ కింద శాంపిల్ తీయండి" అని రాతపూర్వకంగా అడగండి. కూల్‌డ్రింక్ సీసాలో మీరు పట్టిన నీళ్లు కేసుకి పనికిరావు, వాళ్లని కదిలించడానికి పనికొస్తాయి.

ఫలితం పరిమితి దాటితే ఏమవుతుంది? షోకాజ్ నోటీసు, తర్వాత కమిటీ ముందు విచారణ. మిల్లు వాళ్లు ఆడిటర్‌ని తీసుకుని వస్తారు, ఫలానా తేదీలోపు సరిచేస్తాం అంటారు. గడువిస్తూ ఆదేశాలు, పూచీకి బ్యాంకు గ్యారంటీ. అప్పటికీ మారకపోతే నీటి చట్టం 33-ఎ, గాలి చట్టం 31-ఎ సెక్షన్లున్నాయి. వాటి కింద బోర్డు మిల్లుని మూసేయమనొచ్చు, కరెంటు తీసేయమని డిస్కంకి, అంటే కరెంటు సరఫరా చేసే కంపెనీకి రాయొచ్చు. జనం జైలు జైలు అంటారు గానీ ఓనర్లు భయపడేది కరెంటు ఉత్తరానికి. సీజన్లో ఒక్క వారం ఆగితే వచ్చే నష్టం ఏ జరిమానాకన్నా పెద్దది. పైగా 1986 చట్టంలో ఉన్న అయిదేళ్ల జైలుని 2023లో పార్లమెంటు మార్చింది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా వచ్చింది, వేసేది కూడా కోర్టు కాదు, అందుకని నియమించిన అధికారి. జరిమానా కట్టకపోతేనే జైలు మాట. ఇది మంచిదా చెడ్డదా అంటే, కోర్టులో ఏళ్ల తరబడి నానే కేసుకన్నా చేతికి అందే జరిమానా నయమని నా అభిప్రాయం. ఒప్పుకోని స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు.

కోర్టు ఆలస్యం అంటే ఎంతో తెలియాలంటే పటాన్‌చెరు చూడండి. అక్కడి ఫ్యాక్టరీల వల్ల నక్కవాగు కాలుష్యం అయినదాని మీద 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. 2001లో హైకోర్టుకి బదిలీ, అక్కడి నుంచి పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్‌కి. తీర్పు 2017లో. ఈ మధ్యలో డాక్టర్ అల్లాని కిషన్ రావు లాంటి వాళ్లు జబ్బుపడ్డ ఊళ్ల తరఫున ఏళ్లకేళ్లు తిరిగారు. కేసు వల్ల లాభం లేదని కాదు. మధ్యంతర ఉత్తర్వులతో ఊళ్లకి మంచినీళ్లు, కొంత పరిహారం, ఉమ్మడి శుద్ధి ప్లాంటు మీద నిఘా వచ్చాయి. మీ ఒక్క మిల్లుకి మాత్రం అంత దూరం పోవాల్సిన పని లేదు.

---

బాయిలర్ షిఫ్ట్

నేను వేరే జిల్లాలో బాయిల్డ్ మిల్లులో సూపర్‌వైజర్‌ని. రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సార్ చెప్పిన రిజిస్టర్ నిజమే, నేనూ అలాంటివి రాశాను. కానీ సీజన్లో మిల్లు ముందు లారీలు రెండు కిలోమీటర్లు ఆగి ఉంటాయి. సివిల్ సప్లయ్ వాళ్లు సీఎంఆర్ బియ్యం, అంటే ప్రభుత్వ వడ్లు ఆడించి తిరిగి ఇచ్చే బియ్యం, ఎప్పుడిస్తారని ఫోను మీద ఫోను. టన్ను వడ్లు నానబెడితే దగ్గర దగ్గర వెయ్యి లీటర్ల నీళ్లు బయటికొస్తాయి. ప్లాంటు కట్టింది ఒక లెక్కకి, సీజన్లో ఆడించేది ఇంకో లెక్కకి. తొట్టి నిండిపోతే ఎక్కడ పోయాలి? నెత్తి మీద పోసుకోవాలా? ఓనర్‌కి చెప్తే "ఈ సీజన్ గడవనీ" అంటాడు. నెలజీతగాణ్ణి, నేనేం చేయను.

బూడిద సంగతి మాత్రం సాకు చెప్పను. గాలిని తిప్పి బూడిదని కిందికి దింపే గొట్టాలు ఉంటాయి, వాటి అడుగు రోజూ దులపాలి. దులపకపోతే నిండిపోయి అంతా పొగగొట్టంలోంచి ఊళ్లోకి పోతుంది. ఖర్చు ఏమీ కాదు. ఒక మనిషి, ఒక పార, ఒక గంట. చేయించట్లేదంటే అది బద్ధకమే.

మిల్లు మీద పగబట్టకండి. మూసేస్తే మీ వడ్లు ఇంకో మండలానికి తోలాలి, కిరాయి మీ మీదే పడుతుంది.

---

రిటైర్డ్ శాంపిల్ మనిషి

బాయిలర్ తమ్ముడూ, చేసిన మేలు తెలుసా మీకు? "కట్టింది ఒక లెక్కకి, ఆడించేది ఇంకో లెక్కకి" అన్నారే, అది మామూలు ఇబ్బంది కాదు, పెద్ద ఉల్లంఘన. అనుమతిలో ఉన్న టన్నులకి మించి ఆడిస్తే సీఎఫ్‌ఓ తప్పినట్టే. దాన్ని పట్టుకోవడానికి నీళ్లు కూడా అక్కర్లేదు. ఆ మిల్లుకి ఎన్ని వడ్లు ఇచ్చారు, ఎంత బియ్యం తిరిగొచ్చింది అనే లెక్క సివిల్ సప్లయ్ దగ్గర ఉంటుంది. అదీ సమాచార హక్కు కింద అడగొచ్చు. సీఎఫ్‌ఓలో రోజుకి ఇన్ని టన్నులు అని ఉంటుంది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి భాగహారం చేస్తే చాలు.

ఎడమకాలువ గారూ, బూడిద గురించి ఆయన చెప్పింది ఓనర్‌తో మాట్లాడేటప్పుడు ముందు వాడుకోండి. పార, మనిషి, గంట. దీనికి బోర్డు దాకా పోనక్కర్లేదు.

---

చెపాక్ వైపు లాయరు

నేను చెన్నైలో ప్రాక్టీస్ చేసే తెలుగు లాయర్ని, గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచిలో కేసులు వేస్తుంటాను. తెలంగాణ, ఆంధ్ర రెండూ ఈ బెంచి కిందికే వస్తాయి. శాంపిల్ సార్ చెప్పినదాన్లో కోర్టు వైపు కొంచెం కలుపుతాను.

ట్రిబ్యునల్ 2010 చట్టంతో వచ్చింది. మీ తరఫున మీరే వాదించుకోవచ్చు. పరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలు. ఆన్‌లైన్‌లో వేయొచ్చు, వీడియోలో హాజరు కావొచ్చు, కాబట్టి చెన్నై రైలు ఎక్కాలన్న టెన్షన్ వద్దు. గడువు విషయంలో మాత్రం జాగ్రత్త. మామూలు దరఖాస్తు, అంటే 14వ సెక్షన్ కింద, వివాదం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లో వేయాలి. సరైన కారణం ఉంటే ఇంకో 60 రోజులు ఇస్తారు, ఆపైన లేదు. పంట నష్టానికి పరిహారం అడిగే 15వ సెక్షన్‌కి అయిదేళ్లు. చాలామంది అధికారుల చుట్టూ తిరిగి తిరిగి ఆర్నెల్లు దాటాక మా దగ్గరికి వస్తారు. మీరు ఇంకా ఆ గడువులోనే ఉన్నట్టున్నారు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

దరఖాస్తు తీసుకున్నాక ట్రిబ్యునల్ చాలాసార్లు ఒక ఉమ్మడి కమిటీ వేస్తుంది. కలెక్టర్ తరఫున ఒకరు, బోర్డు తరఫున ఒకరు, అలా. వాళ్లు చూసి రిపోర్టు ఇవ్వాలి. సోమవారం అర్జీకి రాని మనిషి ట్రిబ్యునల్ తేదీ వేస్తే వస్తాడు. అంతవరకు బుల్లెట్ గారి మాట నిజమే, లొల్లి కావాలి. కాకపోతే ఇది కేసు నంబరున్న లొల్లి.

డబ్బు లెక్క కూడా చెప్తాను. కేంద్ర బోర్డు ఒక సూత్రం ఇచ్చింది. పరిశ్రమ ఎంత కాలుష్యం చేసే రకమో చూసి బోర్డు దానికి ఒక రంగు ఇస్తుంది, ఆ రంగుని బట్టి ఒక అంకె: రెడ్ అయితే 80, ఆరెంజ్ 50, గ్రీన్ 30. దాన్ని ఉల్లంఘన జరిగిన రోజులతో, 250 రూపాయలతో, పరిశ్రమ సైజు అంకెతో గుణించాలి. చిన్న పరిశ్రమకి సగం. పెద్ద నగరాల దగ్గరైతే ఇంకా పెరుగుతుంది, మీ పల్లెకి ఒకటే. ఉదాహరణకి ఆరెంజ్ రంగు చిన్న మిల్లు 30 రోజులు తప్పు చేస్తే 50 × 30 × 250 × 0.5, అంటే లక్షా 87 వేల 500. మీ మిల్లు ఏ రంగో సీఎఫ్‌ఓలో ఉంటుంది. శాంపిల్ సార్ తేదీలు రాసుకోమన్నది ఇక్కడ కలిసొస్తుంది. ఈ లెక్కలో రోజుల సంఖ్యని నిరూపించే కాగితం లేకపోతే తనిఖీ జరిగిన రోజుల మధ్యే కొట్టుకుంటారు. ఇలాంటి పరిహారం వేసే అధికారం బోర్డుకి ఉందా లేదా అని చాలాకాలం గొడవ నడిచింది. 33-ఎ, 31-ఎ కింద బోర్డులే వేయొచ్చని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

"ముందు నష్టం నిరూపించు" అని మిల్లు లాయరు అంటే భయపడకండి. హైదరాబాద్ జంట జలాశయాల పక్కన నూనె ఉత్పత్తుల ఫ్యాక్టరీ వస్తే ఏపీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇవ్వనంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, ఎం.వి. నాయుడు కేసు అంటాం. తన వల్ల హాని లేదని చూపించాల్సిన బరువు పరిశ్రమ మీదే ఉంటుందని 1999లో కోర్టు చెప్పింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యం చేసే పరిశ్రమలకి నిషేధం, అది పెట్టిన 111 జీవో, మొత్తం ఆ కేసులో ఉంది. మన నీళ్ల మీద వచ్చిన తీర్పుని దేశమంతా వాడుకుంటోంది, మనవాళ్లకే తెలీదు.

కాగితం ఎంత పని చేస్తుందో చెప్పడానికి విశాఖ ఒక్కటి చాలు. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకయింది. మర్నాడే ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకుని 50 కోట్లు జమ చేయమంది. తర్వాత బయటపడ్డది ఏమిటంటే, తమకు పర్యావరణ అనుమతి లేదని కంపెనీ స్వయంగా 2019 మేలోనే అఫిడవిట్‌లో రాసిచ్చింది. ఏడాది పాటు ఆ కాగితం ఫైల్లోనే ఉంది. ఎవరైనా అడిగి చదివి ఉంటే అని అనిపిస్తుంది.

ఒక దారి చాలామంది మర్చిపోతారు. నీళ్లు, బూడిద ఊరందరికీ ఇబ్బందిగా ఉంటే అది పబ్లిక్ న్యూసెన్స్. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్, పాత సీఆర్‌పీసీ 133. ఆర్డీఓ దగ్గర పిటిషన్ వేస్తే తొలగించమని షరతులతో ఉత్తర్వు ఇవ్వొచ్చు. మీ డివిజన్ కేంద్రంలోనే అయిపోతుంది. "పొల్యూషన్ వాళ్లకి రాయండి" అన్న రెవెన్యూ వాళ్లకి ఈ సెక్షన్ నంబరు రాసి ఇవ్వండి.

వాల్టా, అంటే నీళ్లు, భూమి, చెట్ల రాష్ట్ర చట్టం గురించి ఎవరో ఒకరు చెప్తారు, ముందే చెప్తున్నా. అది బోర్లకీ, ఇసుకకీ, చెట్లకీ పనికొస్తుంది. దాని మీద గ్రీన్ ట్రిబ్యునల్‌కి పోలేరు, ట్రిబ్యునల్ చూసే ఏడు చట్టాల జాబితాలో అది లేదు.

---

ఎడమకాలువ మీసేవ

సార్, లాయర్ మేడమ్, బాయిలర్ అన్నా, అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

ఆ బాటిల్‌కి సీలు, సంతకాలు లేవు. మిల్లు మనిషి అక్కడ ఉన్నాడు గానీ అతనికి కాగితం ఏమీ ఇవ్వలేదు. పక్క పొలాల వాళ్లతో మాట్లాడాను, నోట్‌బుక్‌లో సంతకానికి ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు మిల్లులో పిల్లలు పనిచేస్తారని వద్దన్నారు. వాళ్లని బలవంతపెట్టను. మిల్లు మేనేజర్‌తో బూడిద గొట్టాల సంగతి ఎత్తాను. "నీకెవరు చెప్పారు" అని అడిగాడు గానీ కాదనలేదు. రెండు రోజుల్నుంచి బూడిద కొంచెం తగ్గినట్టు ఉంది, లేదా గాలి మారిందో.

రెండు డౌట్లు. ఒకటి, దరఖాస్తు నా పేరు మీద పెడితే మిల్లుకి తెలుస్తుందా? రెండు, రిజిస్టరు మిల్లు దగ్గర ఉంటుంది కదా, బోర్డు "మా దగ్గర లేదు" అంటే?

---

రిటైర్డ్ శాంపిల్ మనిషి

ఒకటి: పేరూ చిరునామా ఇవ్వాల్సిందే. తెలుస్తుందా అంటే, తెలిసే అవకాశం ఉంది, దాచి చెప్పను. ఊళ్లో ఉండేవాళ్లకి అదే అసలు భయం. అందుకే పట్నంలో ఉండే మీ బంధువు ఎవరి పేరు మీదైనా పెట్టించండి, చట్టం ఒప్పుకుంటుంది, ఏ పౌరుడైనా అడగొచ్చు. పంపేటప్పుడు స్పీడ్ పోస్టులో పంపించండి. ట్రిబ్యునల్ దాకా పోతే మాత్రం ఒక్కరే నిలబడకండి. సంతకం పెట్టిన ముగ్గురూ కలిసి వేయండి, కుదిరితే గ్రామసభలో తీర్మానం చేయించి జతపెట్టండి.

రెండు: మంచి ప్రశ్న. "మా దగ్గర లేదు" అని రాసిస్తే అదే మీకు కావాల్సిన జవాబు. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టర్ చూసి కాపీ తీసుకోవాలి కదా, ఎందుకు తీసుకోలేదు అని తర్వాతి ఉత్తరంలో అడగొచ్చు. ఇంకో దారి, తనిఖీ రిపోర్టులో మీటరు రీడింగు రాసే గడి ఉంటుంది. ఆ గడిలో ఏం రాశారో చూడండి. ఖాళీగా ఉంటే ఆ పేజీ ఒక్కటి జిరాక్సు తీసి ఫోటో ఇక్కడ పెట్టండి, మిల్లు పేరు కనపడకుండా. తర్వాత ఉత్తరం ఎలా రాయాలో అప్పుడు చెప్తాను.

---

బుల్లెట్ బండి నల్లగొండ

సార్, నాకూ అదే పని. మా ఊరి పక్కన కోళ్ల ఫారం ఉంది. దానికి కూడా సీఎఫ్‌ఓ ఉంటదా?

---

రిటైర్డ్ శాంపిల్ మనిషి

కోళ్ల సంఖ్యని బట్టి ఉంటుంది తమ్ముడూ. వేరే టాపిక్ తెరువు, ఎన్ని కోళ్లో, ఊరికి ఎంత దూరమో రాయి.